గెలవకూడని ఆదివారం

మా దేశంలో కోచ్‌ని మిస్టర్ అని పిలుస్తారు, మాటవరసకి నన్నూ అలాగే అంటున్నారు గానీ ఇవాళ నన్ను కోచ్‌గా చూసేవాడు ఈ స్టేడియంలో ఒక్కడూ లేడు. కోచ్ అనేవాడు కింద గడ్డి అంచున నిలబడతాడు, గొంతు చించుకుంటాడు, నీళ్ళ సీసాలు తంతాడు. నేనేమో పైన స్టాండులో, క్లబ్ ప్రెసిడెంట్ గారి పక్క వరసలో, పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పోయిన ఆదివారం లైన్స్‌మన్‌ని వాళ్ళమ్మ ఏం పని చేస్తుందని అడిగాను. ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళకి ఆ ప్రశ్న నచ్చలేదు, ఒక మ్యాచ్ బయట కూర్చోమన్నారు, ఆ ఒక్కటీ ఈ మ్యాచే అయింది. ఇది గెలిస్తే మా బోస్కారో జట్టు ఈ డివిజన్‌లో మిగులుతుంది. ఓడినా, డ్రా అయినా కిందకి, అమెచ్యూర్ల లీగులోకి, చర్చి వెనక బురద మైదానాల్లోకి, రొట్టెల బట్టీ పని చూసుకుని ఆడడానికి వచ్చేవాళ్ళ మధ్యకి. నేను జట్టు గదిలోకి వెళ్ళకూడదు, బెంచీకి కబురు పంపకూడదు, ఫోను తీయకూడదు. కాపలాకి ఫెడరేషన్ మనిషిని ఒకణ్ణి పంపారు, వాడు నా వెనకే కూర్చుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు, ఆ చప్పుడు నా మెడ మీద పడుతోంది. నది గట్టు నుంచి పోప్లార్ చెట్ల దూది ఎగిరొచ్చి అందరి భుజాల మీదా వాలుతోంది, మే నెల వస్తే చాలు ఊరంతా తుమ్ములే. కింద నా చోట లోరిస్ నిలబడ్డాడు. లోరిస్ సర్తోరెల్, నా అసిస్టెంటు, ఒకప్పుడు డిఫెన్స్‌లో నా పక్కనే ఆడినవాడు. కొత్త సూటు వేసుకొచ్చాడు వెధవ. నేను బయట కూర్చోవాలని బుధవారం తెలిసింది, ఆ సూటు మాత్రం కొలతలిచ్చి కుట్టించింది, అంత తొందరగా తయారయ్యేది కాదు.

పొద్దున ప్రెసిడెంట్ ఫ్రిగాతో నన్ను స్టేషన్ ఎదురు కాఫీ బారుకి పిలిచాడు. పందుల దాణా ఫ్యాక్టరీ ఆయనది, ఎంత సెంటు కొట్టుకున్నా దగ్గరకొస్తే దాణా వాసనే. కాఫీలో చక్కెర కలుపుతూ, నా మొహం కూడా చూడకుండా చెప్పాడు. "గెలిస్తే వచ్చే ఏడు లోరిసే ఉంటాడు, ఇవానో. ఊరంతా వాడి పేరే అంటుంది, నేనేం చెయ్యగలను? ఓడిపోతే నువ్వే ఉండు. అమెచ్యూర్లకి నీలాంటివాడు చాలు." అని నా ముందున్న పళ్ళెం నా వైపు జరిపి ఇంకో బన్ను తినమన్నాడు. తిన్నాను. ఏం చేసుకోను, ఆకలేసింది. నేను ఉండాలంటే మనం ఓడాలి, ఆ సంగతి ఆయన అనలేదు, అనాల్సిన పని లేదు, అంకెలు రానివాడికి కూడా ఆ లెక్క అర్థమవుతుంది. ఆయన క్రూరుడు కాడు, అదే నాకు ఎక్కువ మండిపోతోంది, దాణా బస్తాల గురించి చెప్పినట్టు చెప్పాడు, ఈ రకం అటు వెయ్యండి, ఆ రకం ఇటు వెయ్యండి అన్నట్టు. బిల్లు ఆయనే కట్టి, బయటికొచ్చాక నా టై సర్ది, కెమెరాలుంటాయి జాగ్రత్త అన్నాడు.

బంతి కదిలింది. లోరిస్ డిఫెన్స్‌ని ముందుకి తెచ్చాడు, చూడు, చూడు, నలుగురినీ ఒకే గీత మీద నిలబెట్టి మైదానం సగం దాకా తోలుకొచ్చాడు, వెనక ఒక గోధుమ పొలమంత ఖాళీ. వారమంతా నేను చెప్పిందేమిటి, ప్రతివాడికీ అవతలి జట్టులో ఒక మనిషిని అప్పగించాను, వాడు కక్కసుకి వెళ్ళినా వెంట వెళ్ళండిరా అన్నాను, గదిలో లోరిస్ తల ఊపాడు, అవును మిస్టర్, బాగుంది మిస్టర్ అన్నాడు. వాడెప్పుడూ అంతే. మేం ఇద్దరం ఆడే రోజుల్లో వాడు వెనక స్వేచ్ఛగా తిరిగేవాడు, ఎవణ్ణీ పట్టుకునే పని లేదు, తల పైకెత్తి ఆడేవాడు, పేపర్ల వాళ్ళు వాణ్ణి ప్రొఫెసర్ అని రాసేవాళ్ళు. నేను కమ్మరిని. ఆ పేరు అభిమానంతోనే పెట్టారని మొదట్లో నమ్మాను. అవతలి స్ట్రైకర్‌ని తన్నడం నా పని, వాడు తూలగానే బంతి తీసుకుని మర్యాదగా నడిచి వెళ్ళడం లోరిస్ పని. ఎర్ర కార్డులు నావి, తెల్లటి మేజోళ్ళు వాడివి. మ్యాచ్ అయ్యాక స్నానాల దగ్గర వాడి కాళ్ళు చూస్తే ఆడపిల్ల కాళ్ళలా ఉండేవి, ఒక్క గాటు లేదు. నా మోకాలి చిప్ప కింద ఏముందో డాక్టర్లకే తెలియదు, అన్ని సూదులు పొడిచారు, తుంటి కీలు ఇప్పుడు ఇనపది, వర్షం వచ్చే ముందు నాకంటే దానికే తెలుస్తుంది.

నా వెనక పై వరస నుంచి అర్మిదా మొదలుపెట్టింది. మార్కెట్లో చేపలమ్మిన ముసలావిడ, మొగుడు పోయాక మొగుడి సీజన్ టికెట్టు మీద వస్తోంది, గుమ్మడి గింజలు నములుతూ పొట్టు నా మెడ మీదికి ఉమ్ముతుంది. ఏమయ్యా కమ్మరీ, పైన గాలి బాగా తగులుతోందా, నీ జట్టు నువ్వు లేకపోతే ముందుకి నడవడం నేర్చిందే అని అడుగుతోంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ప్రెసిడెంట్ కూడా నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను వెనక్కి తిరగలేదు. ఒకప్పుడు ఇలాంటి మాటలు పడేవాణ్ణి కాదు, నేనే అవతలివాడి చెవిలో మాట్లాడేవాణ్ణి, తొంభై నిమిషాలూ ఆపకుండా, చెవిలో జోరీగలా. దానికి చదువు కావాలి. శనివారం పేపర్లు తిరగేసి ఆ స్ట్రైకర్ పెళ్ళాం పేరు, పుట్టిన బిడ్డ పేరు, ఆసుపత్రిలో ఉన్న తల్లి పేరు కనుక్కునేవాణ్ణి, ఆదివారం మెల్లగా వాడి చెవిలో అడిగేవాణ్ణి, అమ్మకి రాత్రి ఎలా ఉందిరా, పక్కన ఎవరున్నారు, నువ్విక్కడ బంతితో ఆడుకుంటుంటే. ఒకడు ఆట మధ్యలో ఏడ్చాడు. మేం గెలిచాం. నాకు పశ్చాత్తాపం లేదు, ఆ వారం మా ఊరి కసాయి నాకు దూడ కాలేయం ఉచితంగా ఇచ్చాడు. పశ్చాత్తాపం ఉండాలని నా భార్య నీవెస్ చెప్పేది, ఈస్టర్ ముందు నన్ను చర్చికి, పాపాలు చెప్పుకోవడానికి తోలేది, ఫాదర్ గారు తెర వెనక నుంచి మెల్లగా ఆ స్ట్రైకర్ నిజంగా ఏడ్చాడా అని అడిగి, తర్వాత క్షమించాడు.

గోల్. వాళ్ళది. లోరిస్ గీత వెనక ఆ గోధుమ పొలంలోకి అవతలి జట్టు, శాన్ జెరార్దో వాళ్ళ కుర్రవాడొకడు పరిగెత్తాడు, మా కెప్టెన్ డెనిస్ తిరిగేసరికే వాడు పెళ్ళికొడుకులా తీరిగ్గా బంతిని మూలకి తోశాడు. స్టేడియం నోరు మూతపడింది. నేను తల రెండు చేతుల్లో పెట్టుకున్నాను, అందరూ పెట్టుకున్నారు కదా. అరచేతుల చీకట్లో నా మొహం నవ్వుతోంది. దాన్ని ఆపడానికి నేను చేసిన ప్రయత్నం దేవుడికి తెలుసు, బుగ్గలు వేళ్ళతో కిందకి లాక్కున్నాను. చిన్నప్పుడు పంచదార ఫ్యాక్టరీలో చక్కెర తీసే బీట్‌రూట్ ముక్కలు ఉడికే కుండీల పక్కన నాన్న పనిచేసేవాడు, ఆయన చొక్కా నాకితే తియ్యగా ఉండేది, సరిగ్గా ఆ తీపి ఇప్పుడు నాలుక మీద. తల ఎత్తితే ప్రెసిడెంట్ నా భుజం తట్టాడు, ఓర్చుకో అన్నాడు. ఓర్చుకుంటానని తల ఊపాను.

ఈ తీపి కొత్తది కాదు. నాలాంటి వాళ్ళకి ఆదివారాలు అంటే ఇదే. మా దేశంలో కోచ్‌ని తీసేస్తారు గానీ పంపెయ్యరు. నిన్ను ఇంటికి పొమ్మని, ఒప్పందం అలాగే ఉంచి, నీ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతారు, వాడు కూడా ఓడిపోతూ ఉంటే ముఖం చెల్లక మళ్ళీ నిన్నే పిలుస్తారు. అక్టోబరులో గెంటేసినవాణ్ణి ఫిబ్రవరిలో పూలు లేకుండా తెచ్చుకుంటారు. నన్ను అలా మూడు ఊళ్ళలో తీశారు, రెండు ఊళ్ళలో మళ్ళీ పిలిచారు. మధ్యలో ఏం చేస్తావు? వంటగదిలో రేడియో పక్కన కూర్చుంటావు, నువ్వు నేర్పిన కుర్రాళ్ళు, నువ్వు రాత్రుళ్ళు నిద్రలేకుండా పేర్లు రాసుకున్న కుర్రాళ్ళు ఓడిపోవాలని కోరుకుంటావు. వాళ్ళ మీద గోల్ పడితే బల్ల మీద గుద్దుతావు, అది కోపమో సంతోషమో ఇంట్లోవాళ్ళకి తెలియకుండా. నీవెస్‌కి తెలిసింది. ఒక ఆదివారం ఇస్త్రీ చేస్తూ, చొక్కా మీద నుంచి కళ్ళెత్తకుండా అడిగింది. "ఆ రేడియో ముందు కూర్చుని నువ్వు చేసేది ప్రార్థనా, శాపనార్థమా?" నేను రేడియో గొంతు పెంచాను. ఆ ఏడు ఫిబ్రవరిలో పిలుపు వచ్చినప్పుడు ఆమె నా పెట్టె సర్దింది గానీ గుమ్మం దాకా రాలేదు. కోచింగ్ గురించి ఫ్లోరెన్స్ పక్కన శిక్షణ బడిలో నాకు చాలా చెప్పారు, బోర్డు మీద బాణాలు గీశారు, చివర్లో వ్యాసం రాయమంటే మనిషికి మనిషిని అప్పగించడం గురించి రాశాను, పరీక్ష పెట్టినాయన అది చదివి మ్యూజియం వాళ్ళకి పంపుదామన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా కుర్చీలో కూర్చున్నవాడు ఓడాలని ఇంట్లో కూర్చుని ఎలా కోరుకోవాలో మాత్రం అక్కడ ఎవరూ నేర్పలేదు, అది నేనే నేర్చుకున్నాను, ఇప్పటికి అందులోనే నాకు పట్టు దొరికింది.

విరామంలో అందరూ కాఫీ కలిపిన మద్యం చిన్న సీసాల్లో తాగారు. ఫెడరేషన్ మనిషి నాకూ ఒకటి ఇచ్చాడు, పర్లేదు తాగండి, ఇది కబురు కిందకి రాదు అన్నాడు. కింద గదిలో లోరిస్ ఇప్పుడు ఏం చెబుతున్నాడో నాకు తెలుసు, వాడు అరవడు, కుర్రాళ్ళ మెడ వెనక చెయ్యి వేసి మాట్లాడతాడు. నేను అరుస్తాను. డెనిస్‌ని నేను ఒకసారి అందరి ముందూ ఏడిపించాను, వాడి భుజాలు వణికాయి, మర్నాడు వాడు ప్రాణం పెట్టి ఆడాడు, అదీ పద్ధతి. మైకోల్‌నైతే ఏడిపించడం కూడా దండగనుకున్నాను. మైకోల్ మా స్ట్రైకర్, జుట్టుకి నూనె, చేతుల నిండా పచ్చబొట్లు, బంతితో గారాలు పోతాడు, వెనక్కి వచ్చి ఎవణ్ణీ పట్టుకోడు. ఏడాదంతా బెంచీ మీదే ఉంచాను. జనవరిలో నన్నెందుకు ఆడించరు మిస్టర్ అని అడిగితే, మీ అమ్మ నీ బదులు ఒక కుర్చీని కని ఉన్నా బాగుండేది, కనీసం ఎవరైనా కూర్చునేవాళ్ళు అన్నాను. గదంతా గొల్లున నవ్వింది. వాడు నవ్వలేదు, తల దించుకుని బూట్ల లేసులు విప్పుకున్నాడు, లోరిస్ వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. కూర్చుని ఏం చెప్పాడో ఆ రోజు పట్టించుకోలేదు. ఇప్పుడు రెండో సగం మొదలయింది, చూడు, మైకోల్ చొక్కా దోపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు, లోరిస్ వాడి మెడ మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉంది.

కార్నర్ మీద డెనిస్ తలతో కొట్టాడు, సమానమైంది. స్టాండు లేచింది, నేనూ లేచాను, లేవకపోతే అనుమానం వస్తుంది, చప్పట్లు కొట్టాను. డెనిస్ పరిగెత్తుకెళ్ళి లోరిస్ మీద పడ్డాడు, ఆ కొత్త సూటు మీద గడ్డి, చెమట, వాడు తుడుచుకోలేదు. నేను పెంచిన కుర్రాడు, నా దగ్గర ఏడ్చిన కుర్రాడు, ఒక్కసారి తలెత్తి స్టాండు వైపు చూస్తే ఏం పోయేది. సరే, డ్రా కూడా ఓటమే, డ్రా చాలు నాకు, దేవుడా, ఇలాగే ఆపు. ఇలా అడగకూడదని తెలుసు. వీళ్ళు పడిపోతే డెనిస్ మళ్ళీ వాళ్ళ మామ టైల్స్ గోడౌన్‌లో పని చూసుకోవాలి, అర్మిదా మొగుడి టికెట్టు బురద మైదానాల్లో చెల్లదు, ఊళ్ళో బారుల్లో ఆదివారం మధ్యాహ్నాలు పేకాట తప్ప ఏమీ మిగలదు, తెలుసు, అన్నీ తెలుసు, అయినా ఇలాగే ఆపు. నేను ఇంకేం చెయ్యను, నాకు వేరే పని చేతకాదు. తన్నడం తెలుసు, తన్నమని చెప్పడం తెలుసు. ఇంట్లో నీవెస్ పక్క గదిలో పడుకుంటుంది, పొద్దున రెండు కప్పులు బల్ల మీద పెడుతుంది, మాట్లాడదు. ఆ ఇంట్లో నేను ఏ ఆదివారాన ఎవరి కోసం రేడియో పెట్టుకోను? నన్ను ఉండనివ్వండి, బురదైనా సరే, చర్చి వెనకైనా సరే, గొంతు చించుకోవడానికి గడ్డి అంచున ఒక చోటు చాలు.

నీ కాలు ఎందుకయ్యా అలా ఊపుతున్నావు, నా గింజలు ఒలికిపోతున్నాయి అంటోంది అర్మిదా. కాలు ఆపాను. అవతలివాళ్ళు అలిసిపోయారు, టైము తినడానికి పడిపోతున్నారు, లేవడం లేదు, మంచిది, పడుకోండి, ఇంకాసేపు పడుకోండి నాయనా. ప్రెసిడెంట్ తన వాచీని తిప్పుతూ మరియ తల్లీ, మరియ తల్లీ అంటున్నాడు. రెఫరీ అదనపు నిమిషాలు చూపించాడు. బంతి మా వాళ్ళ దగ్గర, మధ్యలో, డెనిస్ పాదం కింద. వాళ్ళ డిఫెన్స్ ముందుకి వచ్చి ఒక గీత మీద నిలబడింది, ఆ గీత దాటి ముందున్నవాడికి బంతి వేస్తే ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు, నా కుర్చీ సరిగ్గా ఆ గీత చివర. మైకోల్ వాళ్ళ చివరి మనిషి భుజం వెనకే ఉన్నాడు, నూనె జుట్టు మెరుస్తోంది. డెనిస్ తల ఎత్తాడు, పాదం వెనక్కి పోయింది, బంతి కదిలే క్షణంలో మైకోల్ ఎక్కడున్నాడో నేను చూశాను, ఈ స్టేడియంలో నా కంటే బాగా చూసినవాడు లేడు. వెనకే ఉన్నాడు. నిండు అడుగు వెనక. ఆ చూపు ఒకటే నాకు మిగిలిన ఆస్తి, అది పొరబడదు. వెనకే ఉన్నాడు, అప్పుడు కదిలాడు, బంతి వాళ్ళ తలల మీదుగా పోయింది, ఏడాదంతా నేను బెంచీ మీద ఉంచిన కాళ్ళు దాన్ని చప్పుడు లేకుండా అందుకున్నాయి, గోల్‌కీపర్ పడిపోయాడు, వల ఊగింది.

స్టాండు లేచింది. ఏడుస్తున్నారు, ముద్దులు పెట్టుకుంటున్నారు, ఫెడరేషన్ మనిషి కూడా లేచాడు, ప్రెసిడెంట్ ఎవరినో పట్టుకుని ఎగురుతున్నాడు, కింద మైకోల్ చొక్కా విప్పేసి లోరిస్ వైపు పరిగెత్తుతున్నాడు, జట్టంతా వాళ్ళ మీద గుట్టలా పడింది. అందరి చేతులూ పైనే ఉన్నాయి, రెండేసి చేతులు. నాది ఒక్కటి. కుడి చెయ్యి, నిటారుగా, అరచెయ్యి తెరిచి, నా మొహం గోల్ వైపు లేదు, లైన్స్‌మన్ వైపు ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. నా బతుకంతా ఆఫ్‌సైడ్ అని ఈ చెయ్యే లేపాను, బుద్ధికి తెలిసేలోగా ఇదే లేచేది, ఆఫ్‌సైడ్ కానప్పుడే ఇంకా నిటారుగా లేపాలి, లైన్స్‌మన్ గుండెలో అనుమానం పుట్టేలా లేపాలి, అది డిఫెండర్ పని. మైదానంలో శాన్ జెరార్దో చివరి మనిషి చెయ్యి లేపాడు, స్టాండులో నేను లేపాను, ఇద్దరమే. లైన్స్‌మన్ జెండా కిందే ఉంది. వాడు మధ్య గీత వైపు పరిగెత్తాడు, అవతలి డిఫెండర్ చెయ్యి దించేసి నేల మీద కూర్చుండిపోయాడు. నాది దిగలేదు. చుట్టూ కేకలు ఒక్కొక్కటే తగ్గాయి, ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా ఆ చెయ్యి అంటే ఏమిటో తెలుసు. ప్రెసిడెంట్ చూశాడు, మొహం అటు తిప్పుకున్నాడు.

పై వరస నుంచి అర్మిదా దిగి వచ్చింది. తిడుతుందనుకున్నాను, ఉమ్ముతుందనుకున్నాను, మెడ బిగబట్టాను. ఆవిడ చేప పొలుసుల పనికి గట్టిపడిన వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంది, జబ్బు మనిషిని పట్టుకున్నట్టు మెల్లగా పట్టుకుంది.

"చెయ్యి దించు నాయనా," అంది. "కొట్టింది మనవాడే."

"తెలుసు," అన్నాను.